మ్యాపులో మా బిల్డింగు మీద అడ్డగీతలు గీశారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేము అమెరికాలో ఒక మధ్యస్థాయి నగరంలో, పాత పేటలో, 24 వాటాల అపార్ట్‌మెంట్ బిల్డింగులో ఏడేళ్లుగా అద్దెకుంటున్నాం. రెండు బెడ్రూములకు కరెంటు, నీళ్లతో కలిపి నెలకు 1,250 డాలర్లు అవుతోంది. మావారిది హెచ్1బీ, నాది హెచ్4, పిల్లలిద్దరు. వచ్చే నెల సిటీ కౌన్సిల్ ముందుకు ‘నైబర్‌హుడ్ రివైటలైజేషన్ అండ్ హౌసింగ్ ప్లాన్’ వస్తోంది. 140 పేజీలు. అందులోని మ్యాపులో మా బ్లాకు మీద అడ్డగీతలు గీసి ‘ఆపర్చునిటీ సైట్’ (కొత్త నిర్మాణానికి అనువైన స్థలం) అని రాశారు. 60 శాతం ఏఎంఐ (ప్రాంతపు మధ్యస్థ ఆదాయం), 80 శాతం ఏఎంఐ ఇళ్లు కడతామంటున్నారు. ఓనరు అప్పుడే ‘లీజు ఇక నెలనెలకే’ అంటున్నాడు. కొందరు ఖాళీ చేసి వెళ్లిపోతున్నారు. మేమూ వెళ్లిపోవాలా? పౌరులం కాని మేము హియరింగులో మాట్లాడొచ్చా? పక్క వాటాలోని బాబాయిగారికి, పిన్నిగారికి ఇంగ్లిషు అంతగా రాదు, వాళ్ల సంగతేమిటి? మాట్లాడితే రెండు నిమిషాల్లో ఏం చెప్పాలి?

సమాధానం: మిగతావన్నీ తర్వాత. ముందు ఒక్కమాట: ఇప్పుడే ఖాళీ చేయకండి. వెళ్లిపోదామని చూస్తున్న పక్కవాళ్లకూ ఈ మాట చెప్పండి.

1949 హౌసింగ్ యాక్ట్ ఇచ్చిన డబ్బుతో నగరాలు ‘అర్బన్ రెన్యూవల్’ పేరిట పాత పేటలను చదును చేశాయి. అక్కడి జనం ఎటు పోయారన్నది చాలాచోట్ల ఎవరికీ పట్టలేదు. ఆ అనుభవాల తర్వాత 1970లో యూనిఫాం రీలొకేషన్ యాక్ట్ వచ్చింది. ఈ పనిలో ఉన్నవాళ్లంతా దాన్ని యూఆర్ఏ అంటారు. ఫెడరల్ డబ్బు కలిసిన ప్రాజెక్టు కోసం ఇల్లు కొన్నా, కూల్చినా, బాగుచేసినా, దానివల్ల ఇల్లు వదలాల్సి వచ్చిన అద్దెదారుకు పునరావాస సాయం ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. అయితే ఆ సాయం నోటీసుల వరుసను పట్టుకుని వస్తుంది. మొదట వచ్చేది జనరల్ ఇన్ఫర్మేషన్ నోటీసు. ‘ఇది ఖాళీ చేయమనే నోటీసు కాదు, ఇప్పుడే వెళ్లకండి’ అని అందులోనే ఉంటుంది. ఆ తర్వాత మీరు అర్హులని చెప్పే నోటీసు. చివరగా, ఫలానా తేదీలోపు ఖాళీ చేయండని కనీసం 90 రోజుల ముందు ఇచ్చే నోటీసు. అప్పటికి మీ ఇంటికి సాటి వచ్చే, ఖాళీగా ఉన్న ఇల్లు కనీసం ఒకటైనా చూపించి ఉండాలి. ఈ వరుస మొదలుకాక ముందే, పుకారు విని, తమంతట తాము వెళ్లిపోయినవాళ్లు సాధారణంగా ఆ సాయాన్ని పోగొట్టుకుంటారు. పేటల పునరుద్ధరణలో జనం చేతులారా చేసుకునే నష్టాల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది.

సాయం ఎంత ఉంటుందో లెక్క చూడండి. మీ అద్దె, కరెంటు, నీళ్లు కలిపి 1,250. అధికారులు చూపించిన సాటి ఇంటికి అవే కలిపి 1,450 అనుకుందాం. తేడా 200. దాన్ని 42 నెలలతో గుణిస్తే 8,400 డాలర్లు. సామాను తరలింపు ఖర్చులు దీనికి అదనం. అద్దె సాయానికి చట్టంలో 7,200 డాలర్ల పరిమితి ఉండేది. 2024 నిబంధనలు దాన్ని 9,570కి పెంచాయి. తేడా అంతకన్నా ఎక్కువైతే ‘లాస్ట్ రిసార్ట్ హౌసింగ్’ అనే నిబంధన కింద పరిమితి దాటి కూడా ఇవ్వాల్సి వస్తుంది. ఈ సంగతి అడగనివాళ్లకు ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబమైతే పాత అద్దెకు బదులు ఆదాయంలో 30 శాతాన్ని లెక్కలోకి తీసుకుంటారు, రెండింటిలో ఏది తక్కువైతే అది. బాబాయిగారి లాంటి వాళ్లకు దీనివల్ల మొత్తం బాగా పెరగొచ్చు.

మీ వీసా గురించి. యూఆర్ఏ చూసేది దేశంలో చట్టబద్ధంగా ఉన్నారా లేదా అన్నది. గడువు తీరని హెచ్1బీ, హెచ్4 దానికి సరిపోతాయి. ఆ సంగతి ధ్రువీకరిస్తూ ఒక ఫారం మీద సంతకం పెట్టాల్సి ఉంటుంది. ఇక్కడొక చిక్కుంది. కొన్ని నగరాలు పునరావాసం అంటూ సెక్షన్ 8 వోచరు (అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే పథకం) చేతిలో పెడతాయి. ఆ వోచరుకు వలస నిబంధనలు వేరు. గ్రీన్‌కార్డున్నవాళ్లు అర్హులే గానీ హెచ్1బీ వాళ్లు కారు. కాబట్టి ప్లాన్‌లో ‘రీలొకేషన్ అసిస్టెన్స్’ అన్న మాట కనబడగానే సంతోషించక, అది డబ్బా, వోచరా అని అడగండి.

ఓనరు నెలనెలకు లీజంటున్నాడంటే కొనేవాడితో మాటలు నడుస్తున్నాయేమో. ఖాళీ బిల్డింగుకు ధర బాగా పలుకుతుంది, పునరావాస తలనొప్పీ ఉండదు. అందుకే అమ్మకానికి ముందు లీజులు పొడిగించకుండా ఆపడం పాత ఎత్తుగడ. ప్రాజెక్టు కోసమే ఖాళీ చేయించారని చూపగలిగితే, అలా వెళ్లినవాళ్లను కూడా నిర్వాసితులుగా గుర్తించే వీలుంది. దానికి కాగితం కావాలి. లీజు, అద్దె కట్టిన బ్యాంకు వివరాలు, కరెంటు బిల్లులు, ఓనరు పంపిన ప్రతి ఈమెయిలు తేదీతో సహా దాచండి. నోటిమాటగా ఏదైనా చెబితే ‘మీరు ఈరోజు ఇలా అన్నారు’ అని అదేరోజు ఈమెయిలు పెట్టండి. అర్హత లెక్కలో, కొనుగోలు బేరాలు అధికారికంగా మొదలయ్యే నాటికి 90 రోజులుగా ఆ ఇంట్లోనే ఉన్నారా అన్నది చూస్తారు. ఏడేళ్ల కాపురానికి రుజువు మీ దగ్గర తప్పక ఉంటుంది, ఒకచోట చేర్చడమే పని. అద్దె మాత్రం ఒక్క నెల కూడా ఎగ్గొట్టకండి. అద్దె కట్టలేదన్న కారణం మీద కోర్టు ద్వారా వెళ్లగొట్టబడినవాళ్లకు సాయం దక్కడం కష్టం.

పైన చెప్పినదంతా ఫెడరల్ డబ్బు ఉంటేనే. అది లేకపోతే యూఆర్ఏ వర్తించదు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలకు సొంత పునరావాస చట్టాలున్నాయి, కొన్నిచోట్ల ఏమీ లేదు. కాబట్టి 140 పేజీల్లో ముందు చదవాల్సింది ‘ఇంప్లిమెంటేషన్’, ‘ఫండింగ్ సోర్సెస్’ అన్న పట్టికలు. అవి మామూలుగా చివరి పది పేజీల్లో ఉంటాయి. చెట్లు, బెంచీలు, నవ్వుతున్న పిల్లల బొమ్మలున్న మొదటి నలభై పేజీలు ఎప్పుడైనా చూసుకోవచ్చు.

ఆ పట్టికలో సీడీబీజీ అని ఉంటే అది 1974 చట్టం కింద నగరాలకు ఏటా వచ్చే ఫెడరల్ గ్రాంటు. ఈ డబ్బులో కనీసం 70 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయాల వాళ్లకు మేలు చేయాలి. రోడ్లు, డ్రైనేజీ, పాత ఇళ్ల మరమ్మతు, స్థలం కొనడం వంటివాటికి వాడొచ్చు గానీ కొత్త ఇళ్ల నిర్మాణానికి, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, వాడకూడదు. ‘సీడీబీజీతో 120 కొత్త ఇళ్లు’ అని ఎవరైనా రాస్తే, రాసినవాళ్లకు నిబంధన తెలియదన్నమాట, లేదా డబ్బు ఇంకా దొరకలేదన్నమాట. హోమ్ అని ఉంటే అది 1990లో వచ్చిన ఫెడరల్ పథకం. దీంతో కొత్త అద్దె ఇళ్లు కట్టొచ్చు, 20 ఏళ్లపాటు తక్కువ అద్దెకే ఇవ్వాలి. ఈ రెండింటిలో ఏదున్నా యూఆర్ఏ వస్తుంది. దానితోపాటు 1974 చట్టంలోని సెక్షన్ 104(డి) కూడా వస్తుంది. తక్కువ అద్దె ఇల్లు ఒకటి కూల్చితే దాని బదులు మరొకటి సమకూర్చాలని, అది ఎక్కడ, ఎప్పటిలోగా, ఎన్ని బెడ్రూములతో అన్నది ఒప్పందానికి ముందే నగరం బహిరంగంగా ప్రకటించాలని అది చెబుతుంది. తక్కువ ఆదాయం ఉన్న నిర్వాసితులకు అద్దె సాయం కింద 42 నెలలకు బదులు 60 నెలల లెక్క కోరుకునే వీలు కూడా దాని కిందే ఉంది. మీ బిల్డింగులోని 24 వాటాల గురించి అడగాల్సిన సూటి ప్రశ్న ఇదే: ‘104(డి) వర్తిస్తుందా? వర్తిస్తే బదులు ఇళ్ల జాబితా ఎక్కడ?’

ఎల్ఐహెచ్‌టీసీ అని ఉంటే అది 1986 నాటి పన్ను రాయితీ. నేడు తక్కువ అద్దె అపార్ట్‌మెంట్లు కట్టేది ఎక్కువగా దీనితోనే. ఇది ఒక్కటే ఉంటే యూఆర్ఏ రాదు. ఇందులో ‘9 శాతం’ అనే పెద్ద రకం రాయితీకి రాష్ట్రస్థాయిలో గట్టి పోటీ. దరఖాస్తు పెట్టినవాళ్లందరికీ రాదు, ఈసారి రాకపోతే తర్వాతి విడత దాకా ఆగాలి. ప్లాన్‌లో ‘రెండేళ్లలో నిర్మాణం’ అని రాసి, డబ్బు దగ్గర ఈ రాయితీ పేరు ఒక్కటే ఉంటే ఆ గడువును నమ్మలేం. బిల్డింగు కూల్చేశాక రాయితీ రాకపోతే ఖాళీ స్థలం మిగులుతుంది. అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ లండన్‌లో పేట పునరుద్ధరణ కోసం ఇళ్లు బలవంతంగా తీసుకోవచ్చని 2005లో కెలో కేసులో సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చింది. ఆ ఇళ్లున్న నేల తర్వాత ఏళ్లకేళ్లు ఖాళీగా పడి ఉంది. అందుకే ‘మొత్తం డబ్బు చేతికొచ్చి, నిర్మాణానికి అప్పు ఖరారయ్యే దాకా నివాసులున్న ఇల్లు కూల్చకూడదు’ అన్న షరతు అడగడం అత్యాశ కాదు.

ఇక టిఫ్. ఒక ప్రాంతంలో ఆస్తుల విలువను ఒక ఏడాది దగ్గర నిలిపేసి, ఆ తర్వాత పెరిగిన విలువ మీద వచ్చే పన్నును అక్కడి పనులకే ఖర్చుపెట్టే ఏర్పాటు ఇది. కాలిఫోర్నియా 1952లో మొదలుపెట్టింది. అక్కడి రీడెవలప్‌మెంట్ ఏజెన్సీలు 2012లో రద్దయ్యాయి కూడా. ఇది స్థానిక డబ్బు, కాబట్టి దీనితోనూ యూఆర్ఏ రాదు. ఆస్తుల విలువ పెరిగితేనే ఈ ఖజానా నిండుతుందని మరిచిపోకండి. అద్దెలు పెరగకుండా చూస్తామని చెప్పే ప్లాన్ అద్దెలు పెరిగితేనే నడిచే డబ్బు మీద ఆధారపడితే, ఆ రెంటికీ పొత్తు ఎలా కుదురుతుందో అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు ఏఎంఐ. పునరుద్ధరణ ప్లాన్లలో జనం ఎక్కువగా మోసపోయేది ఈ మూడక్షరాల దగ్గరే. మోసం అనడం కూడా పూర్తిగా సరికాదు, లెక్క బహిరంగంగానే ఉంటుంది, వేసుకునేవాళ్లే తక్కువ. ఏఎంఐ అంటే ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయం. ‘ప్రాంతం’ అంటే మీ పేట కాదు. హెచ్‌యూడీ (ఫెడరల్ గృహనిర్మాణ శాఖ) దాన్ని మొత్తం మెట్రో ప్రాంతానికి, శివార్లలోని సంపన్న కాలనీలతో కలిపి లెక్కిస్తుంది. నలుగురున్న కుటుంబానికి ఏఎంఐ లక్ష డాలర్లు అనుకోండి. 60 శాతం అంటే 60,000. పన్ను రాయితీ పథకంలో అద్దె పరిమితికి బెడ్రూముకు ఒకటిన్నర మంది చొప్పున లెక్క, అంటే రెండు బెడ్రూములకు ముగ్గురు. ముగ్గురికి నలుగురి లెక్కలో 90 శాతం, అంటే 54,000. అందులో 30 శాతం 16,200. పన్నెండుతో భాగిస్తే నెలకు 1,350, కరెంటూ నీళ్లూ అందులోనే. ఇదే తీరున 80 శాతానికి లెక్కవేస్తే 1,800. మీరు ఇప్పుడు కడుతున్నది 1,250. అంటే ‘అఫర్డబుల్’ అని పేరు పెట్టిన ఇల్లు మీ పాత ఇంటికన్నా 100 డాలర్లు ఎక్కువ, రెండో రకమైతే 550 ఎక్కువ. మీ మెట్రోకు అసలు ఏఎంఐ ఎంతో హెచ్‌యూడీ ఏటా ప్రకటిస్తుంది. ఆ అంకెతో ఇదే లెక్క మళ్లీ వేయండి, ఐదు నిమిషాల పని.

దీనికి మరో వైపు కూడా ఉంది. పై అంకెల ప్రకారమైతే నలుగురున్న మీ కుటుంబం 60 శాతం ఇంట్లో చేరాలంటే ఏడాది ఆదాయం 60,000 దాటకూడదు. హెచ్1బీ జీతంతో అది కుదరకపోవచ్చు. అలాంటప్పుడు ‘పాతవాళ్లకు తిరిగి వచ్చే హక్కు ఇస్తాం’ అన్న హామీ మీ విషయంలో ఉత్తమాటే. తలుపు తెరిచే ఉంటుంది, గడప దాటనివ్వరు. మీ బిల్డింగులో ఎవరి ఆదాయం ఏ స్థాయిలో ఉందో పేర్లు లేకుండా ఒక చిన్న సర్వే చేయండి. 24 వాటాల్లో ఎన్నింటికి కొత్త ఇళ్లు అందుబాటులో ఉంటాయో ఒక అంకె తేలుతుంది. కౌన్సిల్ సభ్యుల దగ్గర ఉండని సమాచారం అది.

ఇంతకీ కౌన్సిల్ ఓటు వేయబోయేది దేనికి? ప్లాన్ ఇల్లు కట్టదు, కూల్చదు. చాలా నగరాల్లో అది విధానపత్రం మాత్రమే. ఆ తర్వాత జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నియమం) మార్చే ఆర్డినెన్సు (నగర చట్టం), నగరం స్థలం అమ్మే తీర్మానం, గ్రాంటు కేటాయింపు, డెవలపరుతో ఒప్పందం ఒక్కొక్కటే వస్తాయి. మీ బిల్డింగు భవిష్యత్తు తేలేది వాటిలో. అయితే వాటిలో ప్రతిదానికీ స్టాఫ్ రాసే నివేదికలో ‘ఇది ఆమోదించిన ప్లాన్‌కు అనుగుణంగా ఉంది’ అన్న వాక్యం ఉంటుంది. ఇప్పుడు ప్లాన్‌లో ఒక మంచి వాక్యం పెట్టిస్తే తర్వాత దాన్ని నాలుగుసార్లు వాడుకోవచ్చు. చెడ్డ వాక్యాన్ని ఊరుకుని వదిలేస్తే ఆ నాలుగుసార్లూ మీమీద వాడతారు.

కాబట్టి ప్లాన్ చదివేటప్పుడు క్రియాపదాలు వెతకండి. ‘ఎంకరేజ్’, ‘ఎక్స్‌ప్లోర్’, ‘కన్సిడర్’, ‘వేర్ ఫీజిబుల్’ అన్నవి ఎవరినీ కట్టిపడేయవు. ‘షల్’, ‘మస్ట్’, ‘రిక్వైర్’ అన్నవే కట్టిపడేస్తాయి. మూడు రంగుల పెన్నులతో గీతలు పెట్టుకుంటూ వెళితే ఎక్కువ ప్లాన్లలో ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది: జోనింగ్ పెంచే దగ్గర ‘షల్’, అద్దెదారుల రక్షణ దగ్గర ‘ఎక్స్‌ప్లోర్’.

మీరు అడగాల్సిన సవరణ వాక్యం ఇలా ఉండొచ్చు: ‘ఈ ప్లాన్ పరిధిలో నగరం నుంచి డబ్బు, స్థలం లేదా జోనింగ్ మార్పు పొందే ఏ ప్రాజెక్టు అయినా, నివాసులున్న ఇంటిని కూల్చేటట్లయితే, డబ్బు ఎక్కడిదైనా సరే, యూఆర్ఏ స్థాయికి తగ్గని పునరావాస సాయం ఆ నివాసులకు అందించాలి.’ జోనింగ్‌కు ఇలాంటి షరతు పెట్టే అధికారం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సిటీ అటార్నీ అభ్యంతరం చెప్పొచ్చు. అప్పుడు మొత్తం సవరణను పోనివ్వకండి. ‘జోనింగ్ మార్పు’ అన్న మాట తీసేసి డబ్బు, స్థలం రెండింటికే పరిమితం చేయమని అక్కడికక్కడే చెప్పడానికి రెండో ప్రతి చేతిలో ఉంచుకోండి. అద్దెల నియంత్రణ మాత్రం అడగకండి, ముందు మీ రాష్ట్ర చట్టం చూడండి. 30కి పైగా రాష్ట్రాలు నగరాలకు ఆ అధికారమే లేకుండా చేశాయి. కౌన్సిల్ చేయలేని పని అడిగితే సానుభూతితో తల ఊపుతారు, మీ రెండు నిమిషాలు అయిపోతాయి.

ఇంకొక్క అడుగు వేసే ఓపిక ఉంటే, తక్కువ అద్దె ఎన్నేళ్లు నిలుస్తుందన్న గడువు సంగతి కూడా ఎత్తండి. హోమ్ డబ్బుకు 20 ఏళ్లు, పన్ను రాయితీకి మామూలుగా 30 ఏళ్లు. ఆ తర్వాత అద్దె ఎంతైనా పెంచుకోవచ్చు. నగరం తన స్థలం ఇస్తున్నప్పుడు అమ్మకుండా కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టుకు (పేట కోసం నేలను తన చేతిలోనే ఉంచుకునే, లాభాపేక్ష లేని సంస్థకు) ఇచ్చి, ఆ ట్రస్టు 99 ఏళ్ల లీజుకు ఇచ్చే పద్ధతి ఉంది. వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ నగరం 1984లో అలాంటి ట్రస్టుకు అండగా నిలిచింది. బోస్టన్‌లో డడ్లీ స్ట్రీట్ నైబర్‌హుడ్ ఇనిషియేటివ్ అనే పేట సంఘానికి 1988లో ఖాళీ స్థలాలను సేకరించే అధికారాన్నే నగరం ఇచ్చింది. అంటే కౌన్సిల్‌కు ఇది కొత్త ఆలోచనేమీ కాదు. నగరం సొంత స్థలం లేని బ్లాకులో మాత్రం ఇది ఎక్కువ దూరం వెళ్లదు.

హియరింగులో మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు. పబ్లిక్ కామెంట్‌లో ఓటు హక్కు గురించి అడగరు. కొన్నిచోట్ల పేరు, ఊరు అడుగుతారు, కాలిఫోర్నియాలో పేరు చెప్పడం కూడా తప్పనిసరి కాదు. బాబాయిగారు తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫెడరల్ డబ్బు తీసుకునే నగరానికి 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ 6 కింద భాషా సాయం బాధ్యత ఉందని ఫెడరల్ మార్గదర్శకాలు ఏళ్లతరబడి చెప్పాయి, 2025లో వాటిని వెనక్కి తీసుకున్నారు. అయినా అడగడం మానకండి. సిటీ క్లర్కుకు కనీసం వారం ముందు ఈమెయిలు పెట్టి తెలుగు అనువాదకుడిని అడగండి. తెలుగుకు మనిషి దొరకడం కష్టమే, అందుకే మీరు అనువదించడానికి అనుమతి కూడా అదే ఈమెయిల్లో అడగండి. కాలిఫోర్నియాలో అయితే అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి రెట్టింపు సమయం ఇవ్వాలని చట్టమే ఉంది. మిగతాచోట్ల అడిగి తీసుకోవాలి.

అసలు కిటుకు హియరింగ్ రోజున లేదు. ఆ రాత్రికి చాలామంది సభ్యులు ఒక నిర్ణయానికి వచ్చే ఉంటారు. ఎజెండా, స్టాఫ్ రిపోర్టు కొద్దిరోజుల ముందు బయటికి వస్తాయి. కాలిఫోర్నియాలో మామూలు సమావేశానికి ఎజెండా 72 గంటల ముందు పెట్టాలి. అది వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మూడు వారాల ముందే మీ డిస్ట్రిక్ట్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి 15 నిమిషాలు అడగండి. సభ్యుడు దొరక్కపోతే సహాయకుడితో మాట్లాడినా చాలు, సవరణలు టైపు చేసేది ఎక్కువగా వాళ్లే. ఏడుగురున్న కౌన్సిల్‌లో సవరణ నెగ్గడానికి నాలుగు ఓట్లు కావాలి. ప్రవేశపెట్టేవాళ్లు ఒకరు, బలపరిచేవాళ్లు ఒకరు ముందే దొరకాలి. ఆ రాత్రి ఎంత బాగా మాట్లాడినా, ప్రవేశపెట్టే సభ్యుడు లేని సవరణ ఓటు దాకా రాదు. లేఖను క్లర్కు చెప్పిన గడువులోపు పంపండి, అప్పుడే అది సభ్యుల ప్యాకెట్‌లో చేరుతుంది. గడువు దాటితే టేబుల్ మీద కుప్పలో ఒకటవుతుంది.

ఒక జాగ్రత్త. ప్లాన్ మీద ఓటు శాసన విషయం కాబట్టి సభ్యులను ముందే కలిసి మాట్లాడొచ్చు. తర్వాత మీ బ్లాకు ఒక్కదానికే జోనింగ్ మార్పు వచ్చినప్పుడు కొన్ని రాష్ట్రాల్లో దాన్ని న్యాయవిచారణ తరహాలో నడుపుతారు. అప్పుడు సభ్యులు ‘విడిగా మాట్లాడకూడదు’ అంటారు. అది మిమ్మల్ని తప్పించుకోవడం కాదు. ఆ దశలో చెప్పాల్సిందంతా రికార్డులోకే ఎక్కాలి. ఇప్పుడున్న వీలు అప్పుడు ఉండదు కాబట్టి, కలవాల్సినవాళ్లను ఇప్పుడే కలవండి.

రెండు నిమిషాలంటే నెమ్మదిగా చదివితే ఇంగ్లిషులో 250 పదాలు. సారం ఇలా రాసుకోండి: ‘నేను ఫలానా బ్లాకులో ఏడేళ్లుగా ఉంటున్నాను. మ్యాపులో ఫలానా పేజీలో మా బిల్డింగును ఆపర్చునిటీ సైట్‌గా చూపారు. అక్కడ 24 కుటుంబాలున్నాయి, ఆ సంగతి ప్లాన్‌లో ఎక్కడా లేదు. మా సర్వే ప్రకారం ఇన్ని కుటుంబాలకు 60 శాతం ఇంటి అద్దె ఇప్పటి అద్దెకన్నా ఎక్కువ, ఇన్ని కుటుంబాలకు ఆదాయ పరిమితి వల్ల అర్హత లేదు. ప్లాన్‌ను వ్యతిరేకించడం లేదు. ఫలానా పేజీలోని “ఎక్స్‌ప్లోర్” వాక్యం బదులు మేము పంపిన వాక్యం పెట్టమని అడుగుతున్నాం. ప్రవేశపెట్టడానికి ఎవరైనా సభ్యులు సిద్ధంగా ఉన్నారా?’ చివరి ప్రశ్న వేసి ఆగండి. పేజీ నంబరు చెప్పడం మరవకండి. పేజీ నంబరు వినగానే సభ్యులు కాగితం తిప్పుతారు, అప్పటిదాకా ఫోన్ చూస్తున్నవాళ్లు కూడా.

పదిమంది వెళితే పదిమందీ ఒకే మాట చెప్పొద్దు. ఒకరు అద్దె లెక్క, ఒకరు 104(డి), ఒకరు ఓనరు లీజుల సంగతి, బాబాయిగారు తన వయసు, ఆస్పత్రి దూరం. మిగతా ఆరుగురు లేచి నిలబడితే చాలు. రాత్రి పదకొండు గంటలకు పదో గొంతు కొత్త సంగతి చెప్పకపోతే ముందు తొమ్మిదింటి పదునూ తగ్గిపోతుంది.

ఓటు ఆ రాత్రే జరగకపోవచ్చు. ‘కంటిన్యూ’ చేశారంటే ఏ తేదీకి అని బిగ్గరగా అడిగి రాసుకోండి. తేదీ చెప్పి వాయిదా వేస్తే చాలాచోట్ల మళ్లీ నోటీసు ఇవ్వనక్కర్లేదు, వాయిదా తర్వాత జనం తగ్గిపోయేది ఈ కారణంతోనే. ఆర్డినెన్సైతే మామూలుగా రెండుసార్లు చదువుతారు. రెండోసారి అది ‘కన్సెంట్ క్యాలెండర్’లో మరో ఇరవై అంశాలతో కలిసి చర్చ లేకుండా పోవచ్చు, దాన్ని విడిగా తీయమని సభ్యుణ్ని ముందే అడగాలి. సవరణ నెగ్గితే, సంతకమైన తుది ప్రతి తెప్పించుకుని మీ వాక్యం అక్షరం మారకుండా ఉందో లేదో చూడండి. ‘షల్’ కాస్తా ‘షుడ్’ అయి వచ్చిన సందర్భాలు ఉంటాయి. టైపు చేసేటప్పుడే జరిగినా, ఫలితం మాత్రం అదే.

ఓటు ముగిసిన మర్నాడు రికార్డుల అభ్యర్థన ఒకటి పెట్టండి: మీ చిరునామా మీద ఏ డెవలపరైనా గ్రాంటు, రుణం, జోనింగ్ దరఖాస్తు పెట్టారా, పెడితే ఏ తేదీన? హెచ్‌యూడీ డబ్బున్న ప్రాజెక్టుల్లో అద్దెదారుల రక్షణ చాలావరకు ఆ దరఖాస్తు తేదీ నుంచే లెక్కలోకి వస్తుంది. ఆ తేదీ కాగితం మీద చేతికొచ్చాక, దాని తర్వాత ఖాళీ చేసి వెళ్లిన పక్కవాళ్ల ఫోన్ నంబర్లు వెతికి పట్టుకోండి. వాళ్లకు రావాల్సింది ఇంకా మిగిలి ఉండొచ్చు.